పత్తికాయలో పురుగు, ఊళ్లో వెట్టి

బిడ్డలూ,

జీవులు మారడానికి లక్షల ఏళ్లు పడుతుందని మీ పుస్తకంలో ఉంది, మరి మనం కళ్లతో చూడలేమా అని ఫోన్లో అడిగారు కదా. చూడొచ్చు. వరంగల్ దిక్కు పిల్లలకు పత్తి చేను చాలు.

నవంబర్లో చేనుకు పోయినప్పుడు ఇంకా పగలని కాయ ఒకటి తెంపి చీల్చండి. పైకి పచ్చగా, నున్నగానే ఉంటుంది. లోపల మాత్రం దూది రంగు మారి, గింజ తొలిచేసి, గులాబీ రంగు పురుగు ఉండొచ్చు. రేకులు విప్పకుండా ముడుచుకున్న పూలుంటాయి, రైతులు గుడ్డిపూలు అంటారు. అదీ ఈ పురుగు పనే.

మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో పెట్టారు. దాంతో మొక్కలో తయారయ్యే విషం తిని కాయతొలుచు పురుగు చచ్చిపోవాలి. 2006లో రెండు జన్యువులున్న రకం వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి గుజరాత్‌లో, ఆ వెంటనే మన దగ్గర గులాబీ పురుగు ఆ రెండింటినీ తట్టుకుంది.

ఏ పురుగూ తట్టుకోవాలని అనుకోలేదు. కోట్ల పురుగుల్లో ఎక్కడో కొన్నిటికి పుట్టుకతోనే ఆ విషం పనిచేయని ఒళ్లు ఉంది. బీటీ రాకముందు దాంతో వాటికి ఒరిగిందేమీ లేదు. వచ్చాక మిగతావి చచ్చాయి, ఇవి మిగిలాయి, వీటికే పిల్లలు పుట్టాయి. ఏడాదిలోనే ఎన్నో తరాలు గడుస్తాయి కాబట్టి మనకు తొందరగా కనబడింది.

విత్తన ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చి, చేను చుట్టూ వేయమనేవారు. అక్కడ ఆ విషానికి లొంగే పురుగులు కూడా బతికి, లొంగని వాటితో కలిస్తే ఈ మార్పు ఆలస్యమవుతుందని. చాలామంది వేయలేదు. రైతును నేను తప్పుపట్టను. ఎందుకు వేయాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లే తక్కువ.

మరి ఊళ్లూ ఇట్లాగే మారతాయా? కాదు. మా పెద్దల కాలంలో దొర గడీకి కూలి లేకుండా చాకిరీ చేయాలి, అదే వెట్టి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన భూమిని, పంటను దొర మనుషులకు వదలకుండా సంఘం (ఆంధ్ర మహాసభ) అండతో నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీ గుండుకు ప్రాణం విడిచాడు. ఆ వార్త విని ఊరి వెనుక ఊరు లేచింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, ఈ తెలంగాణ రైతాంగ పోరాటం 1951 దాకా సాగింది.

ఇక్కడ పాతవాళ్లు పోయి కొత్తవాళ్లు పుట్టేదాకా ఆగలేదు. నిన్నటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లే తలెత్తారు. పురుగు పక్క పురుగును చూసి మారదు, మనిషి మారతాడు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇదే. కాకపోతే పురుగు పిల్లకు తట్టుకునే గుణం ఒంట్లోనే వస్తుంది. వెట్టి చేయనని చెప్పే ధైర్యం మీకు రక్తంలో రాదు, ఎవరో చెప్పాలి.

మన వాడలో ఆ రోజులు ఎరిగిన ముసలివాళ్లు కొద్దిమందే ఉన్నారు. సంక్రాంతికి వస్తే వాళ్ల దగ్గరికి తీసుకుపోతా. అడగాల్సినవి ముందే రాసి పెట్టుకోండి, నోట్‌బుక్ మరిచిపోకండి.

మీ తాత