టీచరు ఉద్యోగంలో సంతోషం: అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు చెబుతాను. మా పని గురించి తరచూ వినబడే మాటలు కొన్ని, నాకు అనుభవంలో తెలిసింది కొంత.

అపోహ: టీచర్లకు పండగంటే సెప్టెంబరు 5నే.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజును 1962 నుంచి గురుపూజోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ రోజు పిల్లలు తెచ్చే గులాబీలు నాకూ ఇష్టమే. కానీ నేను కాచుకుని ఉండే రోజు వేరు. దానికి తేదీ ఉండదు. అది పిల్లలకు ఒత్తులు పట్టుబడే రోజు.

గుణింతాలన్నీ వచ్చినవాళ్లు కూడా ఒత్తు దగ్గర ఆగిపోతారు. కిందున్నదాన్ని విడిగా పలికి 'పల్లె'ని 'పలెల' అంటారు. ఒక పాప నెలరోజులు అలాగే చదివింది. పలక మీద రాయించాను, ఇసుకలో వేలితో దిద్దించాను. 'అమ్మ, అక్క, గిన్నె' అనిపిస్తూ మాట ఎక్కడ నొక్కి పలుకుతున్నామో చూపించాను. ఒక సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర నిలబడి ఉన్నాం. ఆర్టీసీ బస్సు వచ్చి ఆగింది. పాప నా కొంగు పట్టి లాగి, "టీచర్, ప... ల్లె... పల్లెవెలుగు!" అంది. ఆ తర్వాత నా వైపు చూడనేలేదు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆ మాటే చదువుకుంటూ నిలబడింది.

అపోహ: ఏటా అదే పాఠం, విసుగొస్తుంది.

పాఠం అదే, పిల్లలు వేరు. 32లోంచి 8 తీసివేత చెబుతూ "పక్కింటి నుంచి పది అప్పు తెచ్చుకుందాం" అనేదాన్ని. ఒక పిల్లాడు లేచి, "మళ్లీ ఎప్పుడు తీర్చాలి టీచర్?" అన్నాడు. బెంగగానే అడిగాడు. అప్పంటే ఏమిటో ఇంట్లో చూస్తున్నవాడు.

ఆ మాట ఆ రోజే మానేశాను. ఇప్పుడు చీపురుపుల్లలు పదేసి కట్టలు కడతాం. రెండు పుల్లల్లోంచి ఎనిమిది తీయలేం కాబట్టి ఒక కట్ట విప్పుతాం, పన్నెండవుతాయి. కట్ట మనదే, ఎవరికీ బాకీ లేదు. ఆ పిల్లాడు అడగబట్టే నా పాఠం బాగుపడింది.

అపోహ: ఉన్న సుఖమంతా సెలవుల్లోనే.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు. టీచరుకు పాఠం సిద్ధం చేసుకునే సమయంతో కలిపి వారానికి 45 గంటలు. సెలవులు కావాలి, కాదనను. కానీ మే నెలాఖరుకు చెవులు బడి గోల కోసం వెతుకుతాయి.

అపోహ: నోటుపుస్తకాలు దిద్దడం వట్టి చాకిరీ.

రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటాను. చెరిపి చెరిపి కాగితం పల్చబడిన చోట, ఒత్తు సరిగ్గా తన అక్షరం కింద కుదురుగా కూర్చుని కనబడుతుంది. అక్కడ రైటు గుర్తు కాస్త పెద్దదే పెడతాను. పొద్దున పుస్తకం చేతికి రాగానే ఆ పిల్ల మొదట ఆ పేజీయే తిప్పుతుంది.