కాన్పు ఆసుపత్రికి వచ్చింది, సున్తీ బయటే ఉండిపోయింది

వేసవి సెలవులు వస్తే చాలు, విశాఖలో ఈ వాదన మళ్లీ రాజుకుంటుంది. బడులు మూసేశాక మగపిల్లలకు సున్తీ చేయించడం చాలా ముస్లిం కుటుంబాల్లో ఆనవాయితీ. ఎక్కడైనా ఒక పసివాడికి రక్తం ఆగక అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తారన్న కబురు పొక్కగానే రెండు పక్షాలు సిద్ధమవుతాయి. బిడ్డ ఒంటి మీద తల్లిదండ్రుల మతానికి హక్కు ఎక్కడిదని ఒకరు, మా ఆచారం జోలికి రావద్దని మరొకరు. ఈసారీ అదే వరస. ఇబ్రహీం ప్రవక్త కాలం నుంచి మొదలుపెట్టి చెప్పే చరిత్ర అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. నేటి తగవు మూలం అర్థం కావాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళితే సరిపోతుంది.

అసలు మలుపు 2005. ఆ ఏడాది కేంద్రం, ఆసుపత్రి కాన్పులకు నగదు సాయమిచ్చే జననీ సురక్ష యోజన ప్రారంభించింది. ఆగస్టులో ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. అంతకుముందు కాన్పు అంటే ఎక్కువగా పుట్టింట్లో, మంత్రసాని చేతుల మీదుగా సాగే ఇంటి వ్యవహారం. 1992-93 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు దాదాపు మూడో వంతే. 2005-06 సర్వే నాటికి అవి 64 శాతానికి చేరాయి. 2019-21 సర్వేలో 96 శాతం దాటాయి. ఒక్క తరంలో పురుడు ఇల్లు విడిచి ఆసుపత్రి మెట్లెక్కింది.

దాంతోపాటు మరొకటి కూడా మారింది. ఇంట్లో పురుడు పోసిన రోజుల్లో బిడ్డకు ఏం చేయాలో, ఏం చేయకూడదో అమ్మమ్మో నాయనమ్మో తేల్చేది. ముర్రుపాలు పిండి పారబోయాలన్నా, కడుపుబ్బరానికి వాత పెట్టాలన్నా సంతకం అడిగేవారు లేరు. ఆసుపత్రికి వచ్చాక అదే నిర్ణయానికి కేస్ షీటు వచ్చింది. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో రాయించుకునే నర్సు వచ్చింది. మతం ముదిరింది కాబట్టే గొడవలు పెరిగాయన్న వాదనను నేను నమ్మను. విశ్వాసాలు పాతవే, ఇప్పుడు అవి వైద్యుల కళ్లెదుట బయటపడుతున్నాయి.

ప్రసూతి వార్డులో మొదటి గంట ఎలా గడుస్తుందో చూస్తే ఇది తెలుస్తుంది. బిడ్డను తుడిచి వార్మర్ కింద పడుకోబెడతారు. తల్లి రొమ్ముకు పట్టించాక తొడకు ఒక మిల్లీగ్రాము విటమిన్ కె ఇస్తారు. బరువు కిలో కూడా లేకపోతే అర మిల్లీగ్రాము. పుట్టిన బిడ్డలో ఈ విటమిన్ నిల్వలు బహు తక్కువ, తల్లిపాలలోనూ ఉండేది కొంచెమే. ఇంజక్షన్ ఇవ్వని పిల్లల్లో కొందరికి రెండు వారాల నుంచి మూడు నెలల లోపు మెదడులోనే రక్తస్రావం కావచ్చు. ఆ తర్వాత 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా, ఇంటికి పంపేలోపు భుజానికి బీసీజీ, నోట్లో రెండు పోలియో చుక్కలు. మైల తీరేదాకా సూది వద్దనే నాయనమ్మ గానీ, ప్రార్థన చాలు మందులు వద్దనే తండ్రి గానీ ఎదురైతే వారికి నచ్చజెప్పే మనిషి అక్కడ ఉంటారు.

ఆ వరుసలో సున్తీకి చోటు లేదు. ముందోలు బిగుసుకుపోయి మూత్రానికి ఇబ్బంది అయితే శస్త్రచికిత్స చేస్తారు. మతవిధిగా చేయాలంటే అది మా పని కాదంటారు. కాన్పు మొదలు టీకా దాకా అన్నిటికీ ఇక్కడికే రండని పిలిచిన వ్యవస్థ, ముస్లిం కుటుంబం తప్పనిసరి అనుకునే ఆ ఒక్క కోత దగ్గర మాత్రం ముఖం తిప్పుకుంది. నేడు మనం చూస్తున్న తగవంతా ఇక్కడి నుంచే పుట్టింది.

విశాఖ పాత నగరంలో పెద్దవాళ్లను కదిపితే, ఇంటికొచ్చి సున్తీ చేసే మంగలి హజ్జాం గురించి చెబుతారు. పిల్లవాడికి కొత్త లుంగీ కట్టి, మెడలో పూలదండ వేసి, పీట మీద కూర్చోబెట్టేవారు. మేనమామ వెనక నుంచి కాళ్లూ చేతులూ అదిమి పట్టుకునేవాడు. అదిగో బంగారు పిచ్చుక అని పైకి చూపించి హజ్జాం క్షణంలో పని ముగించేవాడు. మంగలికత్తి, వెదురు చీలిక, రక్తం ఆగడానికి కాల్చిన గుడ్డ బూడిద, ఇంతే సరంజామా. తరతరాలుగా అదే పని చేసిన చేతులవి. 2007లో రాష్ట్రం ముస్లింలలో వెనుకబడిన వర్గాలుగా గుర్తించిన 14 సమూహాల్లో హజాం, నాయీ ముస్లింలు కూడా ఉన్నారు. వారి పిల్లలు సెలూన్లలోకి, ఇతర పనుల్లోకి వెళ్లిపోయారు. వారసత్వంగా వచ్చిన నేర్పు అలా కరిగిపోతుంటే ఆసుపత్రి ఆ బాధ్యత తీసుకోలేదు. డబ్బున్నవారు ప్రైవేటు సర్జన్ దగ్గరికి వెళతారు. లేనివారికి మిగిలింది ఒక్కరోజులో వరుసగా పిల్లలందరికీ కానిచ్చేసే సామూహిక శిబిరాలు, లేదా అనుభవం ఎంతో తెలియని చేయి.

ప్రమాదం ఎక్కడ ఉందో వైద్యులకు బాగా తెలుసు. మూత్ర రంధ్రం అంగం కొనన కాకుండా కిందివైపు ఉండే పుట్టు లోపం కొందరు మగపిల్లల్లో కనిపిస్తుంది. దాన్ని తర్వాత సరిచేయడానికి ఆ ముందోలే పనికివస్తుంది కాబట్టి అలాంటి బిడ్డకు సున్తీ చేయకూడదు. రక్తం సరిగా గడ్డకట్టని పుట్టు జబ్బు హీమోఫీలియా దాదాపు ప్రతి 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి ఉంటుంది. మేనమామకో అన్నకో రక్తం ఆగని జబ్బు ఉందా అని ఒక్క మాట అడిగితే చాలావరకు పసిగట్టవచ్చు. వైద్య సిబ్బంది చేసినప్పుడు శిశువుల్లో చిన్నాపెద్దా సమస్యలు నూటికి ఒకటి రెండు, కాస్త పెద్ద పిల్లల్లో నూటికి దాదాపు ఆరు ఉంటాయని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష 2010లో చెప్పింది. అంటే ఏడేళ్ల దాకా ఆగి, బంధువులందరినీ పిలిచి చేయడం కన్నా పసితనంలోనే నిపుణుల చేత చేయించడం మేలు. ఖురాన్‌లో సున్తీ ప్రస్తావన లేదు, అది ప్రవక్త మాటలు, చేతల సంకలనాలైన హదీసుల నుంచి వచ్చిన ఆచారం. వయసు విషయంలో గట్టి నియమమూ లేదు. ఏడో రోజు మంచిదనే పెద్దలున్నారు, యుక్తవయసులోపు ఎప్పుడైనా సరేననేవారూ ఉన్నారు. వైద్యం చెప్పే వేళకు ఒప్పుకునే వెసులుబాటు ఆచారంలోనే ఉంది.

నొప్పి మాట కూడా చెప్పాలి. పసికందుకు నొప్పి తెలియదన్న నమ్మకం వైద్యుల్లోనే చాలాకాలం ఉండేది. మత్తు సరిగా ఇవ్వకుండానే నవజాత శిశువులకు ఆపరేషన్లు చేసేవారు. భారత సంతతి వైద్యుడు కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ 1987లో సహరచయితతో కలిసి ప్రచురించిన వ్యాసం ఆ నమ్మకాన్ని పడగొట్టింది. కాబట్టి ఈ రోజు మత్తు లేకుండా చేసే సున్తీని ఏ ఆచారం పేరుతోనూ సమర్థించలేం. ఈ మాటకు నాకు తెలిసిన ముస్లిం తల్లులెవరూ అడ్డు చెప్పలేదు. మత్తు ఎక్కడ ఇస్తారో, ఎంత అడుగుతారో చెప్పండనేదే వారి ప్రశ్న.

నిషేధం కోరేవారు తరచు జర్మనీని చూపిస్తారు. 2012 మేలో కొలోన్ నగర కోర్టు, నాలుగేళ్ల బాలుడి కేసులో, మత కారణంతో చేసే సున్తీ శరీర గాయం కిందికే వస్తుందని చెప్పింది. కోత కోసింది వైద్యుడే, పని శుభ్రంగానే చేశాడు, రెండు రోజుల తర్వాత రక్తం కారింది. చట్టం స్పష్టంగా లేదంటూ ఆయనను నిర్దోషిగా వదిలేశారు. తీర్పు వెలువడగానే యూదులు, ముస్లింలు కలిసి నిరసన తెలిపారు. ఆ డిసెంబరులోనే జర్మనీ పార్లమెంటు 434-100 ఓట్లతో తల్లిదండ్రుల హక్కును గుర్తిస్తూ చట్టం చేసింది, వైద్య ప్రమాణాలు పాటించాలన్న షరతుతో. మన దగ్గర కొలోన్ తీర్పు మాట వినిపించినంతగా ఈ చట్టం మాట వినిపించదు.

స్వీడన్ ఇంకా ముందే దారి చూపింది. అక్కడ 2001 అక్టోబరు నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం రెండు నెలలు దాటిన బాలుడికి వైద్యుడే చేయాలి. ఆలోపైతే అనుమతి పొందిన మత నిపుణుడు చేయవచ్చు, నొప్పి తెలియకుండా మందు ఇవ్వడానికి మాత్రం వైద్యుడో నర్సో పక్కన ఉండాలి. ఆచారాన్ని గౌరవిస్తూనే బిడ్డకు రక్షణ కల్పించిన పద్ధతి ఇది. మతానికీ ఈ ఇంగితం కొత్తది కాదు. ఇద్దరు కొడుకులు సున్తీ వల్ల చనిపోతే మూడోవాడికి చేయనక్కర్లేదని యూదుల ధర్మగ్రంథం తాల్మూద్ శతాబ్దాల కిందటే మినహాయింపు ఇచ్చింది.

మన దేశంలో మగపిల్లల సున్తీ మీద ప్రత్యేక చట్టమేదీ లేదు. దాన్ని నేరంగా ప్రకటించాలంటూ హేతువాద సంస్థ ఒకటి కేరళ హైకోర్టుకు వెళితే, చట్టాలు చేయడం కోర్టు పని కాదంటూ 2023 మార్చిలో పిటిషన్ కొట్టేశారు. పెద్దయ్యాక ఆ బిడ్డే తేల్చుకోవాలన్నది ఆ సంస్థ వాదన. అది అర్థంలేని వాదన కాదు. కానీ నిషేధిస్తే ఆచారం ఆగదు, గుట్టుగా సాగుతుంది, దెబ్బ తగిలేది ఆ బిడ్డకే. ఆడపిల్లల జననాంగం దగ్గర కోత పెట్టే ఖత్నా వేరే విషయం. దానివల్ల ఆరోగ్యానికి మేలు లేదు, హాని మాత్రమే ఉంది. ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాల ఆ ఆచారంపై కేసును సుప్రీంకోర్టు 2018లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల ఆడపిల్లలకే అన్యాయం.

సున్తీ వల్ల హెచ్‌ఐవీ ముప్పు తగ్గుతుందన్న మాటను సమర్థకులు గట్టిగా పట్టుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఆ సిఫారసు చేసిన మాట నిజమే, అయితే అది ఆ వ్యాధి బాగా ప్రబలిన ఆఫ్రికా దేశాలను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇక్కడి తల్లిదండ్రులు చేయిస్తున్నది విశ్వాసం కోసం. ఆ మాటే సూటిగా చెప్పుకోవచ్చు, అరువు కారణాలు అక్కర్లేదు.

ఇక విశ్వాసం ఒక్క ముస్లిం ఇంటికే ఉన్నట్టు మాట్లాడటం బొత్తిగా తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టే ప్రతి 100 మందిలో 42 మంది సిజేరియన్‌తోనే పుడుతున్నారని 2019-21 సర్వే తేల్చింది. వాటిలో కొన్నిటికి వేళ పెట్టేది పంచాంగం. 39 వారాలు నిండకముందే మంచి నక్షత్రం కోసం కోత కోస్తే బిడ్డకు ఊపిరి అందని ముప్పు పెరుగుతుంది. అది మత కారణంతో బిడ్డ ఒంటి మీద తీసుకున్న నిర్ణయమే. దాన్ని ఎవరూ టీవీ చర్చకు పెట్టరు. క్రైస్తవంలో ఒక శాఖ అయిన యెహోవా సాక్షులు 1945 నుంచి రక్తం ఎక్కించుకోవడాన్ని నిరాకరిస్తున్నారు. తీవ్రమైన కామెర్లతో రక్తమార్పిడి అవసరమైన శిశువు విషయంలో ఆ నిరాకరణ ప్రాణం మీదికి తెస్తుంది.

గీత గీయాల్సింది ఇక్కడే. ప్రాణం నిలిపే చికిత్సను ఆపే హక్కు ఏ మతం పేరుతోనూ తల్లిదండ్రులకు ఉండకూడదు. రాజ్యాంగం 25వ అధికరణంలో మతస్వేచ్ఛను ఆరోగ్యానికి లోబడే ఇచ్చింది. పన్నెండేళ్ల లోపు బిడ్డ మేలు కోరి సంరక్షకుల సమ్మతితో సద్భావంతో చేసే పనికి భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మరణానికి, తీవ్ర గాయానికి దారితీసే పనులకు ఆ సెక్షన్ హద్దులు కూడా పెట్టింది. ప్రాణానికి ముప్పు లేని ఆచారాన్ని మాత్రం సురక్షితంగా జరిపించే బాధ్యత వ్యవస్థది.

ఇది ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సిన పాఠం కాదు. పాత నగరంలోని విక్టోరియా ఆసుపత్రిని జనం ఈనాటికీ ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. మగ వైద్యుల ముందుకు రాని పరదా స్త్రీల కోసం ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి ఆసుపత్రులు వెలిశాయి. పరదా తీస్తేనే వైద్యమని వాటిలో ఎవరూ పట్టుబట్టలేదు. స్త్రీ వైద్యులను పెట్టారు, స్త్రీలు వచ్చారు. పోలియో చుక్కల విషయంలోనూ అంతే. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో వదంతులు నమ్మి తలుపులు వేసుకున్న ఇళ్లను తెరిపించింది మసీదు మైకుల్లో ఇమాములు చెప్పిన మాట. 2011 తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల కొత్త కేసు లేదు, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది.

ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు కాబట్టి దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. బిడ్డను ముందుగా పరీక్షించి, మత్తు ఇచ్చి, నామమాత్రపు రుసుముతో సున్తీ చేసేందుకు వారంలో ఒక పూట ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పిల్లల శస్త్రచికిత్స విభాగాలు కేటాయించాలని వైద్య ఆరోగ్య శాఖ ఒక జీవో ఇస్తే సరిపోతుంది. కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఆ విభాగం ఇప్పటికే ఉంది. శిబిరాలకు వైద్యుడి హాజరు, రక్తస్రావ జబ్బుల ఆరా తప్పనిసరి చేసే షరతును అదే జీవోలో చేర్చవచ్చు.