సూది వేయకపోతే వైద్యం చేయనట్టేనా? పిల్లల ఆసుపత్రిపై అపోహలు - వాస్తవాలు

ఈమధ్య ఒక నాయనమ్మ ఓపీలో నా ఎదురుగా కుర్చీలోంచి లేవనంది. నాలుగు నెలల మనవడికి జలుబు, దగ్గు. మా పీజీ డాక్టరు బిడ్డను తల్లి ఒడిలోనే ఉంచి, చొక్కా పైకెత్తి, ఫోనులో టైమరు పెట్టుకుని నిమిషం పాటు కదలకుండా ఊపిరి లెక్కపెట్టింది. 44 వచ్చింది. డొక్కలు ఎగరేయడం లేదు, పాలు బాగానే తాగుతున్నాడు, ఆక్సిజన్ 98 శాతం ఉంది. ముక్కులో వేసే సెలైన్ చుక్కలు రాసి, ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలో తల్లికి చెప్పింది. నాయనమ్మకు అది చాలలేదు. "తెల్లవారకముందే నాగర్‌కర్నూలులో బస్సెక్కాం. సూది లేదు, ఎక్స్‌రే లేదు, సిరప్పు కూడా రాయలేదు. ఇంత దూరం వచ్చింది రెండు చుక్కల కోసమా అమ్మా?" అంది.

ఆమె కోపం నాకు అర్థమైంది. హైదరాబాద్‌లోని ఒక పిల్లల బోధనాసుపత్రిలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. మా పనిలో పెద్ద భాగం చూడటమే. చూస్తూ నిలబడితే ఊరికే నిలబడినట్టే ఉంటుంది. మా గురించి నేను వినే అపోహల్లో చాలా వరకు అక్కడే మొదలవుతాయి.

అపోహ: సూది, సెలైన్ లేకపోతే వైద్యం చేయనట్టే.

ఆ పీజీ లెక్కపెట్టిన నిమిషమే ఆ రోజు ఆ బిడ్డకు జరిగిన అసలు పరీక్ష. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, ఏడాది దాటి అయిదేళ్ల లోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకన్నా ఎక్కువగా ఊపిరి తీస్తుంటే న్యుమోనియాను అనుమానించాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే సరిపోదు. పసిపిల్లలు కాసేపు గబగబా ఊపిరి తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. అందుకే నిండు నిమిషం కావాలి, అదీ బిడ్డ ఏడవనప్పుడు. కొత్తగా చేరిన పీజీలకు నేను మొదట చెప్పే మాట ఒకటే: చల్లటి స్టెతస్కోపు బిడ్డకు తగిలించకముందే చూడవలసిందంతా చూసెయ్యండి. తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినపడదు.

వానాకాలం, చలికాలాల్లో మా వార్డులు నింపే బ్రాంకియోలైటిస్ (పసిపిల్లల ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాల వాపు) కూడా ఇలాంటిదే. వైరస్‌తో వస్తుంది కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. ముక్కు శుభ్రంగా ఉంచడం, కొద్దికొద్దిగా పాలు పట్టడం, అవసరమైతే ఆక్సిజన్ పెట్టడం, మిగతా సమయమంతా కనిపెట్టుకుని ఉండటం. ఆ కనిపెట్టుకుని ఉండటం కోసమే ఆసుపత్రిలో చేర్చుకుంటాం.

సెలైన్ సంగతి. "నీరసంగా ఉన్నాడు, ఒక బాటిల్ ఎక్కించండి" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అరలీటరు 5 శాతం గ్లూకోజు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే వంద కేలరీలు. మామూలు సెలైన్‌లో ఉప్పు నీళ్లు తప్ప ఏమీ లేవు, దానితో బలం రాదు. విరేచనాలవుతున్న బిడ్డ తాగగలిగితే నోటితో పట్టే ఓఆర్ఎస్‌కు మించినది లేదు. లీటరు ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. తోడుగా జింకు 14 రోజులు. మాడు లోపలికి పోయి, కళ్లు గుంటలు పడి, తాగలేనంత మగతగా ఉంటే మాత్రం అప్పుడు మేమే పరుగెత్తి సెలైన్ పెడతాం.

పండ్ల రుచులతో అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాల మీద కూడా ఓఆర్ఎస్ అనే అక్షరాలుండేవి. అతిగా ఉన్న చక్కెర పేగుల్లోకి నీళ్లు లాగి విరేచనాలను పెంచుతుంది. మన నగరంలోనే పనిచేసే పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త విన్న రోజు మా డ్యూటీ గదిలో అందరం చప్పట్లు కొట్టాం.

అపోహ: బోధనాసుపత్రిలో చదువుకునే పిల్లలు మన బిడ్డలపై ప్రయోగాలు చేస్తారు.

మీరు "చదువుకునే పిల్ల" అనుకునే పీజీ నాలుగున్నరేళ్లు ఎంబీబీఎస్ చదివి, ఏడాది హౌస్‌సర్జన్ చేసి, డాక్టరుగా రిజిస్టరు అయిన వ్యక్తి. పిల్లల వైద్యంలో ఎండీ మరో మూడేళ్లు. నవజాత శిశువులకో, గుండెకో, కిడ్నీకో ప్రత్యేక నిపుణులు కావాలంటే ఆపైన డీఎం ఇంకో మూడేళ్లు. రాత్రి రెండు గంటలకు ఫిట్స్‌తో వచ్చిన బిడ్డను మొదట పట్టుకునేది ఆ పీజీయే. వెనక సీనియర్ రెసిడెంట్, ఆ పైన అసిస్టెంట్ ప్రొఫెసర్, యూనిట్ చీఫ్ ఉంటారు. మీ ఊళ్లో మీరు గట్టిగా నమ్మే పిల్లల డాక్టరు కూడా ఒకప్పుడు అలా రాత్రుళ్లు మేల్కొన్నవారే. రెడ్ హిల్స్‌లో 1953లో మొదలైన నీలోఫర్ ఆసుపత్రి ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధం. తెలుగు ఊళ్లలో బోర్డు కట్టుకున్న పిల్లల డాక్టర్లు ఎందరో అక్కడి వార్డుల్లో పని నేర్చుకున్నవారే.

"ఒకే సంగతి నలుగురికి నాలుగుసార్లు చెప్పాలా?" అని తల్లిదండ్రులు విసుక్కుంటారు. చెప్పండి, దయచేసి. నాలుగోసారి అడిగినప్పుడు బయటపడిన ఒక సంగతి నేను మరచిపోలేను.

ఏడు వారాల పాప. దగ్గు అని తీసుకొచ్చారు. కళ్లు కాస్త పచ్చగా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ అలాగే ఉన్నాయని, రోజూ పొద్దుటి ఎండలో పడుకోబెడుతున్నామని చెప్పారు. పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది. మలం ఎలా ఉందని ముగ్గురు అడిగితే మూడుసార్లూ "మామూలుగానే" అన్నారు. నాలుగోసారి అడిగిన పీజీ ఆ జవాబుతో ఊరుకోలేదు. "ఒకసారి చూపించమ్మా" అంది. తల్లి సంచిలోంచి మడిచి పెట్టిన పాత చీర గుడ్డ తీసి విప్పింది. గోడకు వేసే సున్నంలా తెల్లగా ఉంది. మొదటి బిడ్డ కావడంతో మలం ఏ రంగులో ఉండాలో ఆమెకు తెలియదు.

మలానికి రంగునిచ్చేది కాలేయం నుంచి పేగులోకి దిగే పైత్యరసం. ఆ దారి మూసుకుపోతే మలం తెల్లబడుతుంది, మూత్రం బట్టకు పచ్చగా అంటుతుంది, లోపల కాలేయం గట్టిపడిపోతూ ఉంటుంది. బిడ్డ మాత్రం నవ్వుతూనే ఉంటుంది. దీన్ని బిలియరీ అట్రీషియా అంటారు. పేగును నేరుగా కాలేయానికి కలిపే ఆపరేషన్ 60 రోజుల లోపు చేస్తే ఫలితం బాగుండే అవకాశం ఎక్కువ. ఆ ఆపరేషన్‌కు జపాన్ సర్జన్ మోరియో కసాయి పేరు పెట్టారు. తెలుగులో ఆ మాట ఎలా వినిపిస్తుందో మీకు తెలుసు, అందుకే తల్లిదండ్రుల ముందు ఆ పేరు పలకవద్దని మా వాళ్లకు చెబుతాను. ఆ పాపకు 54వ రోజున పిల్లల సర్జన్లు ఆపరేషన్ చేశారు.

కాబట్టి ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎండ కామెర్లకు వైద్యం కాదు. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా వెంటనే రావాలి. నీలి కాంతి కింద ఉంచే ఫొటోథెరపీలో వెలుగును కొలిచి ఇస్తాం, రక్తపరీక్షతో తగ్గుదల చూస్తాం. పెరటి ఎండలో ఆ కొలత లేదు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే అది ఏ రకం కామెర్లో తేల్చే పరీక్ష తప్పకుండా చేయించాలి. మలం రంగు మీరే చూడండి, ప్రతిసారీ.

అపోహ: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు.

ఈ మాట చదువుకున్నవాళ్ల నోటా వింటున్నాను. ఎనిమిదో నెలలో పుట్టాడని తండ్రి ముందే ఆశ వదులుకుని గుమ్మం దగ్గర కూలబడటం కూడా చూశాను. తల్లి కడుపులో గడిచే ప్రతి వారమూ లాభమే. ఊపిరితిత్తుల్లో గాలి గదులు మూసుకుపోకుండా ఆపే నురుగులాంటి పదార్థం 34 వారాల తర్వాతే చాలినంత తయారవుతుంది. అందుకే ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కంటే అవకాశం ఎక్కువ.

"అద్దాల పెట్టెలో పెడితేనే బతుకుతాడు" అన్నది దీనికి తోడు. స్థిరపడిన చిన్న బిడ్డకు తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవడం గొప్ప వైద్యం. 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో ఇది మొదలైంది. తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ ఎవరైనా కట్టుకోవచ్చు.

ఇంటికి వెళ్లాక ఒక్క తేదీ మాత్రం మరవకూడదు. నెలలు నిండని బిడ్డ కంటి వెనక ఉండే పొర రెటీనాలో రక్తనాళాలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. అవి దారి తప్పితే రెటీనాను లాగేసి చూపు పోగొడతాయి. బయటికి కన్ను చక్కగానే కనిపిస్తుంది. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డకు పుట్టిన 30 రోజుల్లోపు కంటి పరీక్ష జరగాలి, మరీ చిన్న బిడ్డకు ఇంకా ముందే. తీవ్రంగా ఉంటే రెండు మూడు రోజుల్లో లేజర్ చేస్తారు. 1990ల చివరి నుంచే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు జంట నగరాల్లోని శిశు విభాగాలకు వెళ్లి ఈ పరీక్ష చేస్తున్నారు. "బరువు పెరిగాడు కదా, కళ్లకేమైంది?" అని మానేసిన వాళ్లు ఆరు నెలలకు, "బొమ్మ చూపిస్తే చూడటం లేదు మేడమ్" అంటూ వస్తారు. అప్పుడు మేం చేయగలిగేది చాలా తక్కువ.

అపోహ: జ్వరం మెదడుకెక్కి ఫిట్స్ వస్తాయి.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూడటానికి భయంకరంగా ఉంటుంది. చాలా వరకు కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, మెదడుకు హాని చేయవు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు, ముక్కు దగ్గర ఉల్లిపాయ, నోట్లో నీళ్లు వద్దు. వాతలు అసలే వద్దు. ఆ పుండ్లతో వచ్చే బిడ్డలను చూస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అయిదు నిమిషాలు దాటినా, తర్వాత బిడ్డ తేరుకోకపోయినా ఆసుపత్రికి రండి.

మెదడువాపు అనుమానం వస్తే మేం వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తాం. "వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయి" అని ఎందరో సంతకం పెట్టరు. వెన్నుపాము ముగిసిన చోటుకు కిందే సూది వేస్తాం. తీసేది కొద్ది మిల్లీలీటర్లు, అది శరీరం తిరిగి తయారు చేసుకుంటుంది. ఆ నీటిని బట్టే ఏ మందు, 10 రోజులా 21 రోజులా అన్నది తేలుతుంది. కాళ్లు పడిపోయేది వైద్యం అందని మెదడువాపు వల్లే.

అపోహ: పిల్లల మందే కదా, ఒక మూత పోస్తే చాలు.

పిల్లలకు మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు. అయిదు కిలోల బిడ్డకు 75. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, మామూలు సిరప్పులో ఆ 100 మిల్లీగ్రాములకు దాదాపు నాలుగు మిల్లీలీటర్లు పోయాలి. సిరప్పు అనుకుని చుక్కల మందును అయిదు మిల్లీలీటర్లు పోస్తే అది పెద్దవాళ్లు వేసుకునే మాత్ర అంత. ఒక తండ్రి సరిగ్గా అదే చేసి, రెండు సీసాలూ చేతిలో పట్టుకుని వణుకుతూ వచ్చాడు. ఆ సీసాలు తెచ్చాడు కాబట్టే ఎంత పడిందో లెక్కగట్టి వెంటనే విరుగుడు మొదలుపెట్టగలిగాం.

అందుకే వచ్చేటప్పుడు పాత చీటీలు, టీకాల కార్డు, వాడుతున్న ప్రతి సీసా తెచ్చుకోండి. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కన ఇంకొకరు ఉంటే వీడియో తీయమనండి. మలం తేడాగా ఉంటే ఆ గుడ్డను ఉతికేయకుండా సంచిలో పెట్టుకురండి.