చేతక్ ఇంజన్ విప్పేముందు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే బజాజ్ వాళ్ల పాత టూస్ట్రోక్ స్కూటర్ చేతక్‌కి పిస్టన్ సెట్ దగ్గర్నుంచి గేర్ క్రాస్ (గేరుని షాఫ్టుకి పట్టించే ముక్క) దాకా ఇప్పటికీ దొరుకుతాయి. కరువైందల్లా ఏది అరిగిందో తేల్చుకునే ఓపికే. పొగొస్తే బోరు (అరిగిన సిలిండర్‌ని తొలిచి పెద్దది చేయడం), గేరు జారితే గేర్‌బాక్స్, కిక్ అందకపోతే ప్లగ్ అని చిలక జోస్యంలా చెప్పేసి స్పానర్ పట్టేస్తున్నారు. కింద చెప్పిన కొలతలు 145 సీసీ చేతక్‌వి. బజాజ్ సూపర్, ఎల్ఎంఎల్ స్కూటర్లకీ తీరు ఇంచుమించు ఇదేగానీ, పార్టు కొనేటప్పుడు మాత్రం పాతది చేత్తో పట్టుకెళ్లండి.

అపోహ: పొగ ఎక్కువొస్తోందంటే ఇంజన్ బోరుకొచ్చినట్టే.

ఇది ఫోర్‌స్ట్రోక్ బండ్ల లెక్క. వాటిలో రింగులు అరిగితే కింద ఉన్న ఆయిల్ పైకెక్కి కాలుతుంది. చేతక్‌లో క్రాంక్ కింద నిలవుండే ఆయిలే లేదు. పెట్రోలుతో కలిసొచ్చిందే ఆయిల్, అది ఎలాగూ కాలిపోయేదే. రింగులు అరిగిన సంగతి వేరేగా తెలుస్తుంది: కిక్ మెత్తబడుతుంది, వేడి మీద ఆపిన బండి మళ్లీ అందుకోదు, ప్రకాశం బ్యారేజీ దాకా బాగానే వచ్చిన బండి ఫ్లైఓవర్ ఎక్కేసరికి నీరసపడుతుంది.

పొగకైతే పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ పాళ్లు, సైలెన్సర్‌లో పట్టిన మసి, క్లచ్ వైపు క్రాంక్ సీలు (క్రాంక్ చుట్టూ ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగు) చూడాలి. అసలు దొంగ తరచూ ఈ మూడోదే. ఆ సీలు పోతే క్రాంక్ గది గేర్ ఆయిల్‌ని లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. పట్టుకోవడం తేలిక. గేర్‌బాక్స్‌లో పట్టేది సుమారు 250 మి.లీ. బండిని కాసేపు తిప్పి, వేడి మీద డ్రెయిన్ బోల్టు తీసి, వచ్చిన ఆయిల్‌ని కొలిచి చూడండి. కింద ఎక్కడా కారిన మరక లేకుండా 150 మాత్రమే దిగిందంటే, మిగతా నూరూ సైలెన్సర్ దారిన పోయిందన్నమాట.

ఈ సీలు మార్చాలంటే ఇంజన్ రెండు ముక్కలు చేయక తప్పదు. అంతదాకా వచ్చాక క్రాంక్ బేరింగులూ ఫ్లైవీల్ వైపు సీలూ కూడా వేసేయడం నయం. ఫ్లైవీల్ వైపు సీలు పోతే పొగ రాదు, గాలి దూరుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, ప్లగ్ మొన తెల్లబడుతుంది. పట్టించుకోకపోతే ఏదో ఒక మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని పట్టేస్తుంది.

అపోహ: సిలిండర్ బోరింగుకిచ్చి, అది వచ్చేలోపు పిస్టన్ కొనుక్కోవచ్చు.

ముందు అసలు బోరు కావాలో లేదో చూడండి. సిలిండర్ తీసి, ఒక రింగును అడుగున, రింగులు తిరగని అరగని చోట పెట్టండి. పిస్టన్ తలతో నెడితే రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. చివరల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) కొలవండి. అదే రింగును ఎగ్జాస్ట్ పోర్టుకి (పొగ బయటికెళ్లే రంధ్రం) కాస్త పైన పెట్టి మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాని మూడుతో భాగిస్తే సిలిండర్ వ్యాసం ఎంత అరిగిందో ఉజ్జాయింపుగా తేలుతుంది. తేడా 0.3 మి.మీ. వచ్చిందంటే 0.1 మి.మీ. అరిగినట్టు, బోరు చేయించాల్సిందే. తేడా నామమాత్రంగా ఉండి, పోర్టు దగ్గర గీతలు కూడా లేకపోతే కొత్త రింగులు చాలు. కొత్త రింగుకి సందు 0.20 - 0.35 మధ్య ఉండాలి.

ఇక బోరు సంగతి. స్టాండర్డ్ బోరు 57 మి.మీ. ఉంటుంది. దానికన్నా ఎంత పెద్దదో పిస్టన్ మీద 0.25 అనో 0.50 అనో గుద్ది ఉంటుంది గానీ, ఒకే అంకె ఉన్న రెండు పిస్టన్లు నూరో వంతు మి.మీ. లెక్కలో తేడాగా ఉంటాయి. ఇంజన్ పట్టేయడానికి ఆ తేడా చాలు. అందుకే ముందు పిస్టన్ కొని, దాన్ని సిలిండర్‌తోపాటు బోరింగ్ షాపులో ఇవ్వాలి. వాళ్లు పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు చేస్తారు.

సిలిండర్ తిరిగొచ్చాక వేలు లోపల పెట్టి పోర్టుల అంచులు తడమండి. బ్లేడులా గీరుకుంటే పని సగంలో వదిలేశారని అర్థం. ఆ అంచులు సన్నటి రాయితో మొద్దుబార్చకపోతే రింగు వాటికి తగులుకుని విరుగుతుంది. పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉండాలి. రింగుల సందులు గాడిలోని పిన్నుల దగ్గరే కూర్చోవాలి. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్పులు పాతవి వేయొద్దు. వాటిని బిగించేటప్పుడు క్రాంక్ నోట్లో గుడ్డ కుక్కి ఉంచండి, జారి లోపల పడితే మళ్లీ మొదటికే.

అపోహ: కొత్త పిస్టన్‌కి ఆయిల్ ఎంత పోస్తే అంత మంచిది.

లీటరు పెట్రోలుకి 20 మి.లీ. లెక్క. తొలి రెండు ట్యాంకులకి 30 దాకా పోసినా ఫర్వాలేదు, అంతకు మించి వద్దు. కార్బురేటర్‌లో పెట్రోలు దిగే జెట్ రంధ్రం మారదు కదా, ఆయిల్ పెరిగితే దాన్నుంచి దిగే పెట్రోలు తగ్గుతుంది. పెట్రోలు తగ్గితే వేడి పెరుగుతుంది. పిస్టన్‌ని కాపాడదామని పోసిన ఆయిలే పిస్టన్‌ని పట్టించేస్తుంది, పైగా ప్లగ్ మసెక్కుతుంది.

చల్లదనం కోసం సైడ్ డిక్కీ తీసేసి తిరిగేవాళ్లూ ఉన్నారు. ఇంజన్‌ని చల్లబరిచేది ఎదురుగాలి కాదు, ఫ్లైవీల్ రెక్కలు విసిరే గాలి. ఆ గాలిని సిలిండర్ చుట్టూ తిప్పేది దాని మీది మూత. స్క్రూ పోయిందని ఆ మూతని మూలన పడేస్తే డిక్కీ తీసినా పెట్టినా ఒకటే. కొత్త పిస్టన్ మీద కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులో జారవిడవకండి. పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగినట్టే. క్లచ్ పట్టి దిగండి.

అపోహ: రెండో గేరు జారుతోందంటే గేర్‌బాక్స్ పోయినట్టే.

జారే సమయంలో గేర్ హ్యాండిల్‌ని రెండులోనే గట్టిగా పట్టుకుని చూడండి. అప్పుడు నిలబడితే తప్పు కేబుళ్లది. రెండు గేర్ కేబుళ్లూ సాగి ఉంటాయి, కింద సెలెక్టర్ దగ్గర బిగించుకుంటే సరిపోతుంది. పట్టుకున్నా జారిపోతోందా, అయితే గేర్ క్రాస్. కొత్త క్రాస్ నాలుగు చేతుల మూలలూ కత్తిరించినట్టు పదునుగా ఉంటాయి. అరిగినదాని మూలలు నోట్లో చప్పరించిన పిప్పరమెంటులా గుండ్రంగా, మెరుస్తూ ఉంటాయి. దాంతోపాటు గేర్ల లోపలి గాట్లూ చూడండి. అవి కూడా గుండ్రబడితే కొత్త క్రాస్ ఎంతోకాలం ఆగదు. మళ్లీ అమర్చాక గేర్లకీ షిమ్‌కీ (గేర్ల పక్కన వేసే పల్చటి ఉంగరం) మధ్య 0.15 - 0.40 మి.మీ. సందు ఉండాలి.

అపోహ: క్లచ్ ప్లేట్లకి ఆయిల్ అంటింది కాబట్టే జారుతోంది, పెట్రోలుతో కడిగితే సరి.

ఇది ఆయిల్‌లోనే తిరిగే క్లచ్. కొత్త కార్క్ ప్లేట్లని రాత్రంతా గేర్ ఆయిల్‌లో నానబెట్టి మరీ వేయాలి, పొడిగా వేస్తే మొదటి రోజే మాడిపోతాయి. జారుతోందంటే ముందు క్లచ్ లివర్ చూడండి. చివర కాస్తయినా వదులు లేకుండా కేబుల్ బిగుసుకుని ఉంటే ప్లేట్లు ఎప్పటికీ పూర్తిగా అతుక్కోవు. కార్ల ఇంజన్ ఆయిల్ పోసినా జారవచ్చు. గేర్‌బాక్స్‌లో ఎస్ఏఈ 30 ఆయిల్ పోయండి.

అపోహ: పొద్దున్నే పక్కకి వంచితేనే స్టార్ట్ అవ్వడం చేతక్ జాతి లక్షణం.

వంచితే ఫ్లోట్ గిన్నె పొంగి, ఇంజన్‌లోకి ఎక్కువ పెట్రోలు వెళుతుంది. అది చోక్ చేయాల్సిన పని. చోక్ కేబుల్ తెగిందో, చిన్న జెట్ మూసుకుందో, ఫ్లోట్ సూది అతుక్కుందో చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని ఉబ్బిస్తుంది. అందుకే నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు పైపుని కూడా అనుమానించాలి.

అపోహ: వరదలో మునిగిన బండిని ఎండలో పెట్టి ఆరబెడితే చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చాలా ఇళ్లలో ఇదే చేశారు. ఆరేది పైనే. లోపలి నీరు ఎటూ పోదు. మునిగిన బండిని కిక్ కొట్టకండి. ప్లగ్ తీసి, గేర్ ఆయిల్ దించండి. పాలు కలిసిన టీ రంగులో వస్తే నీరు చేరినట్టు. కొత్త ఆయిల్ పోసి, ఇంజన్ స్టార్ట్ చేసే స్థితికొచ్చాక కొద్ది నిమిషాలు తిప్పి దించండి, రంగు తేటపడేదాకా ఇదే పని. బురదనీరు క్రాంక్ గదిలో వారాల తరబడి నిలిచిందంటే మాత్రం ఇంజన్ విప్పాల్సిందే. బేరింగు గుండ్ల మీద తుప్పు చుక్క పడితే కడిగినా పోదు, వేగం పెరిగేకొద్దీ గూ అని ఊళ పెడుతుంది. డ్రమ్ములు విప్పి బ్రేక్ షూలూ, వాటిని తెరిచే క్యామూ శుభ్రం చేయడం, ఫ్లైవీల్ తీసి ఇగ్నిషన్ పాయింట్లు తుడవడం ఎలాగూ తప్పవు. ఫ్లైవీల్‌ని పుల్లర్‌తోనే తీయండి. సుత్తి దెబ్బకి క్రాంక్ వంకరపోతుంది.

చివరగా చక్రం. ఈ బండ్ల రిమ్ము రెండు పళ్లేల్లా ఉంటుంది, నట్లే వాటిని కలిపి పట్టుకుంటాయి. ట్యూబులో గాలి ఉండగా ఆ నట్లు విప్పితే రిమ్ము ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది. ముందు వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలాకే స్పానర్ పెట్టాలి.