అపోహలు – వాస్తవాలు: చేతిలో ఉన్న ప్రతి బిల్లూ ఇన్‌వాయిస్ కాదు

ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ, అంటే మీ కొనుగోళ్లపై వచ్చే క్రెడిట్ల పట్టిక, జీఎస్టీ పోర్టల్‌లో తయారవుతుంది. అప్పటి నుంచి 20న 3బీ (నెలవారీ పన్ను రిటర్న్) వేసేదాకా ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వ్యాపారులు అకౌంటెంట్లను అడిగే ప్రశ్న ఒక్కటే: “బిల్లు ఉంది, డబ్బు కట్టాను, పన్నూ కట్టాను. క్రెడిట్ ఎందుకు రాలేదండీ?” క్రెడిట్ అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం.

మన బజారులో బిల్లు, ఇన్‌వాయిస్, రసీదు, చలాను, ఎస్టిమేట్, మెమో అన్నీ ఒకే అర్థంలో వాడేస్తారు. మాట వరకు ఎలా అన్నా నష్టం లేదు. జీఎస్టీ లెక్కలో మాత్రం వీటిలో ఒక్కదానికే క్రెడిట్ వస్తుంది. అది ట్యాక్స్ ఇన్‌వాయిస్.

అపోహ: జీఎస్టీ నంబరు అచ్చయి ఉంటే చాలు, అది పక్కా బిల్లే

ఎక్కువమంది నష్టపోతున్నది ఇక్కడే. ఎస్టిమేట్ చీటీ మీద కూడా కొట్టు పేరు, జీఎస్టీ నంబరు ఉంటాయి. ప్రొఫార్మా మీదైతే పన్ను శాతం, మొత్తంతో సహా అన్నీ ఉంటాయి. కానీ ప్రొఫార్మా అంటే ‘ఇంత అవుతుంది’ అని చెప్పే కాగితం. బ్యాంకు లోనుకో, అడ్వాన్సు పంపడానికో పనికొస్తుంది. అమ్మినవాడు దాన్ని తన జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్‌లో) చూపించడు. ఆయన చూపించనిది మీ 2బీలోకి రాదు, 2బీలో లేనిదానికి క్రెడిట్ లేదు.

కాగితం పైన ఏ పేరు ఉందన్నది కాదు, లోపల ఏముందో చూడండి. అమ్మినవాడి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు. 16 అక్షరాలకు మించని వరుస సంఖ్య, తేదీ. మీ పేరు, చిరునామా, మీ జీఎస్టీ నంబరు. సరుకు పేరు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని చెప్పే సంఖ్య), పరిమాణం, పన్నుకు ముందు విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం. చివర సంతకం. రాష్ట్రం దాటే సరుకైతే ‘ప్లేస్ ఆఫ్ సప్లై’ అన్న చోట రాష్ట్రం పేరు కూడా ఉండాలి. సరిహద్దు జిల్లాల వాళ్లు ఆ ఒక్క గడినే చూడరు.

పార్వతీపురంలోనో సాలూరులోనో కొట్టుకు వెళ్లి, సరుకు మన బండిలోనే తెచ్చుకుంటాం. “ఆంధ్రాలోనే కొన్నాం, ఆంధ్రాలోనే చేతికందింది, కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ” అని (అంటే ఒకే రాష్ట్రంలో జరిగే అమ్మకంపై కేంద్రానికి, రాష్ట్రానికి చెరి సగం వెళ్లే పన్నులు) కౌంటరులో కుర్రాడు కొట్టేస్తాడు. మనమూ తలూపుతాం. అది తప్పు. సరుకు కదిలినప్పుడు, మోసింది అమ్మినవాడా కొన్నవాడా అన్నదానితో చట్టానికి పని లేదు. ఆ ప్రయాణం ఎక్కడ ముగుస్తుందో అదే ప్లేస్ ఆఫ్ సప్లై. రాయగడ కొట్టుకు చేరే సరుకుకు ఒడిశా, కోడ్ 21. అమ్మినవాడిది ఆంధ్రా, కోడ్ 37. రెండూ వేరు కాబట్టి బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకంపై వేసే జీఎస్టీ) పడాలి.

పడకపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. లక్ష రూపాయల ఇనుప పైపులు, 18 శాతం పన్ను. ఐజీఎస్టీ 18,000 అని రాస్తే మీకు 18,000 క్రెడిట్. అదే సరుకును రాయగడలో 1,10,000కు అమ్మితే పన్ను 19,800, క్రెడిట్ పోగా మీరు కట్టేది 1,800. బిల్లులో సీజీఎస్టీ 9,000, ఎస్‌జీఎస్టీ 9,000 అని ఉంటే మాత్రం మొత్తం 19,800 చేతి నుంచి కట్టాలి. 2బీ తెరిస్తే ఆ బిల్లు వరుస కనిపిస్తుంది కూడా. పక్కన ఐటీసీ (క్రెడిట్) అవైలబిలిటీ గడిలో ‘నో’ అనీ, కారణం దగ్గర ప్లేస్ ఆఫ్ సప్లై, అమ్మినవాడి రాష్ట్రం ఒకటే, కొన్నవాడి రాష్ట్రం వేరు అనీ ఉంటుంది. బిల్లు నిజమైనదే, పన్నూ సర్కారుకు చేరింది, అయినా మీకు దక్కదు.

దీన్ని సరిదిద్దుకోవచ్చు, కంగారు పడకండి. అమ్మినవాడు ఇంకా జీఎస్టీఆర్-1 వేయకపోతే (నెలనెలా వేసేవాళ్లకు గడువు మరుసటి నెల 11) పాత బిల్లు రద్దు చేసి ఐజీఎస్టీతో కొత్తది ఇమ్మనండి. వేసేసి ఉంటే క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే కాగితం) ఇచ్చి, సరైన ఇన్‌వాయిస్ మళ్లీ రాయాలి. “రెండుసార్లు పన్ను కట్టాలా?” అని ఆయన బెదిరిపోవచ్చు. అక్కర్లేదు. క్రెడిట్ నోట్ దారి వద్దనుకుంటే, ఐజీఎస్టీ కట్టి, ముందు కట్టిన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీని సెక్షన్ 77 కింద వాపసు అడగవచ్చు. ఐజీఎస్టీ కట్టిన తేదీ నుంచి రెండేళ్ల గడువుంది, ఆ ఐజీఎస్టీ మీద వడ్డీ పడదు. అయితే రెండు దారుల్లో ఒకటే ఎంచుకోవాలి. క్రెడిట్ నోట్‌తో సర్దుకున్నవాళ్లకు వాపసు రాదు. క్రెడిట్ నోట్‌కు గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది. ఫిబ్రవరిలో కొన్న సరుకు బిల్లును దీపావళి దాటాక తిరగేసేవాళ్లకు మిగిలే రోజులు చాలా తక్కువ.

ఇంకొకటి. మీ నంబరు చెప్పకపోతే బిల్లు ‘క్యాష్’ పేరిట పడుతుంది. అప్పుడు 2బీలో వరుసే ఉండదు. బిల్లు కొట్టకముందే 21తో మొదలయ్యే మీ నంబరు రాసిచ్చి, ప్రింటు తీసిన వెంటనే కౌంటరు దగ్గరే ఐజీఎస్టీ అన్న మాట చూసుకోండి.

అపోహ: చిన్న కొట్టయినా బిల్లు బిల్లే

కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు తమ అమ్మకాలపై కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతిలో) ఉన్న కొట్టు ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై. పన్ను వసూలు చేసే అర్హత లేదని దాని తలపైనే రాసి ఉండాలి. దానికి క్రెడిట్ లేదు. పైగా కాంపోజిషన్ వ్యాపారి వేరే రాష్ట్రానికి సరుకు అమ్మనేకూడదు. ఆంధ్రాలోని పాతపట్నం కొట్టు నుంచి పర్లాకిమిడి కొట్టుకు బిల్ ఆఫ్ సప్లై మీద సరుకు వస్తోందంటే అక్కడే ఆగి అడగాలి.

అపోహ: బోర్డరు దగ్గరే కదా, చలాను చాలు, ఈ-వే బిల్లు అక్కర్లేదు

డెలివరీ చలాను జాబ్ వర్కుకు (బయట పని చేయించడానికి) పంపే సరుకుకో, నచ్చితే ఉంచుకునే పద్ధతిలో పంపే సరుకుకో. అమ్మకానికి కాదు. ఈ-వే బిల్లేమో రవాణా అనుమతి, అదీ ఇన్‌వాయిస్ కాదు. రాష్ట్రం దాటే సరుకు విలువ పన్నుతో కలిపి 50,000 దాటితే, దూరం పది కిలోమీటర్లైనా తీయాల్సిందే. 2017లో చెక్‌పోస్టులు ఎత్తేశారు గానీ తనిఖీ బృందాలు ఉన్నాయి. ఎస్టిమేట్ చీటీతో దొరికితే యజమాని ముందుకొచ్చినా పన్నుకు రెట్టింపు జరిమానా. పై పైపుల లెక్కలో 36,000.

అపోహ: రసీదు ఉంటే చాలు

రసీదు డబ్బు ముట్టిందని చెబుతుంది, అంతే. పారేయకండి గానీ. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. చెల్లించారని చూపించేది ఆ రసీదూ బ్యాంకు స్టేట్‌మెంటూ.

అపోహ: చేత్తో రాసిన బిల్లు చెల్లదు

చెల్లుతుంది, వివరాలన్నీ ఉంటే. కాకపోతే అమ్మినవాడి టర్నోవరు 5 కోట్లు దాటితే, 2023 ఆగస్టు 1 నుంచి వ్యాపారికి ఇచ్చే ఇన్‌వాయిస్ మీద ఐఆర్‌ఎన్ (ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే ఇన్‌వాయిస్ నమోదు నంబరు), క్యూఆర్ కోడ్ ఉండాలి. అవి లేని కాగితాన్ని ఇన్‌వాయిస్‌గా లెక్కించరు.

అపోహ: నోటీసు వచ్చిందంటే కేసు పెట్టినట్టే

2బీలో ఉన్నదానికంటే 3బీలో ఎక్కువ క్రెడిట్ తీసుకుంటే డీఆర్‌సీ-01సీ అనే నోటీసు వస్తుంది. రాత్రి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. ఏడు రోజుల్లో తేడా కట్టేయడమో, కారణం రాసి పంపడమో చేయాలి. ఊరుకుంటే మాత్రం పోర్టల్ మీ తరువాతి జీఎస్టీఆర్-1 వేయనివ్వదు. మీది ఆగితే మీ దగ్గర కొన్న వ్యాపారుల 2బీలో మీ బిల్లులు కనిపించవు.