ఏటి ఒడ్డున గుడారం వేయబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

దసరా అయ్యాక హిమాచల్ వెళ్తున్నారనీ, తీర్థన్ లోయలో హోటల్ గది వద్దనుకుని పైన్ అడవిలో ఏటి పక్కన రెండు రాత్రులు గుడారంలో ఉంటారనీ మీ అమ్మ చెప్పింది. నెల మంచిదే ఎంచుకున్నారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కొండచరియలు, ఆకస్మిక వరదలు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు చీల్ అనే పైన్ చెట్ల అడవులు తగలబడే కాలం. అక్టోబరులో ఏరు తగ్గి తేటగా పారుతుంది. రాత్రి చలి మాత్రం గట్టిగానే ఉంటుంది.

ముందు చోటు సంగతి. మిగతా ఏది పొరపాటైనా సర్దుకోవచ్చు, ఇదొక్కటి తప్పితే కుదరదు. ఏటి మలుపులో తెల్లటి ఇసుక తిన్నె చదునుగా, మెత్తగా కనిపిస్తుంది. అది అంత చదునుగా ఎందుకుందంటే ఏరే దాన్ని పరిచింది కాబట్టి. మళ్లీ ఎప్పుడు పరుస్తుందో చెప్పి రాదు. ఒడ్డున పొదల్ని దగ్గరగా చూడండి. కొమ్మల మధ్య ఎండుగడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు చిక్కుకుని ఉంటాయి. అవి ఎంత ఎత్తున ఉన్నాయో నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయన్నమాట. దానికి కనీసం మూడు మీటర్ల పైన, వెనక్కి కొండ ఎక్కే దారి ఉన్న గట్టు మీద గుడారం వేయండి. చుట్టూ నీళ్లుండే లంక మీద వద్దే వద్దు.

పొద్దున చూసిన మట్టాన్ని నమ్మకండి. పైన మంచు పగటి ఎండకి కరుగుతుంది. ఆ నీళ్లు మీ దగ్గరికి చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. వేసవిలో ఈ తేడా ఎక్కువ, అక్టోబరులో తక్కువ. అసలు భయం డ్యాములతో. 2014 జూన్ 8 సాయంత్రం మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు లార్జీ ప్రాజెక్టు వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. అది వానతో వచ్చిన వరద కాదు. తీర్థన్ ఏరు వెళ్లి బియాస్‌లో కలిసేది కూడా ఆ లార్జీ దగ్గరే. కాబట్టి ఏ నది పక్కన దిగినా, ఎగువన డ్యామ్ ఉందా, నీళ్లు ఎప్పుడు వదులుతారని ఊళ్లోవాళ్లను అడగండి.

చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. గంటకోసారి చూడండి. పుల్ల మునిగినా, తేట నీళ్లు బురదగా మారినా, ఆకులూ పుల్లలూ గుంపుగా తేలి వస్తున్నా, వస్తువులు వదిలేసి పైకి ఎక్కండి. ఏరు ఉన్నట్టుండి సన్నబడితే ఇంకా అనుమానించాలి: ఎగువన చరియ విరిగి అడ్డం పడి ఉండొచ్చు, అది తెగితే అంతా ఒక్కసారిగా వస్తుంది.

ఇక పైన్ చెట్లు. కింది లోయల్లో ఉండేది చీల్. దాని సూదుల్లాంటి ఆకులు మూడేసి చొప్పున ఒక్కో గుత్తిలో ఉంటాయి. ఇంకా పైకి పోతే ఐదేసి సూదుల కైల్, దేవదారు కనిపిస్తాయి. రాలిన చీల్ సూదుల మీద వాలులో నడవడమంటే నూనె పోసిన గచ్చు మీద నడిచినట్టే. చెప్పులు వద్దు, గాడి ఉన్న బూట్లు వేసుకోండి. గుడారం వేసేముందు తల ఎత్తి చూడండి: ఎండిపోయిన చెట్టు, విరిగి వేలాడే కొమ్మ, జిగురు కారే మాను ఉంటే జరగండి. ఆ జిగురు గుడ్డకంటితే వదలదు. సూదుల పొరలో మేకులు నిలవవు. పొర తీసి మట్టిలో ఏటవాలుగా దిగ్గొట్టండి. నేల ఇసుకైతే, తాడును జానెడు కర్ర నడుమ కట్టి, కర్రను అడ్డంగా అడుగు లోతున పాతిపెట్టి తొక్కండి.

మంట వేయాలంటే అటవీ శాఖవాళ్ల అనుమతి అడగాలి. నా మాట వింటే గ్యాస్ స్టవ్ చాలు. ఎందుకంటే సూదుల పొర పైకి ఆరినట్టే ఉండి లోపల కుములుతూ, గంటల తర్వాత పక్కన లేస్తుంది. అనుమతి దొరికి వేసినా, ఒట్టి ఇసుక మీదే వేయండి, చుట్టూ మూడు మీటర్లు సూదులు ఊడ్చేయండి. పొయ్యికి ఏట్లోని తడి రాళ్లు పెట్టకండి, లోపలి నీరు ఆవిరై అవి పగిలి ముక్కలు ఎగురుతాయి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, బూడిదలో చెయ్యి పెట్టగలిగేదాకా ఆగండి.

గ్యాస్ డబ్బాలు విమానంలో, రైల్లో తీసుకెళ్లనివ్వరు. అక్కడే కొనండి. ఒట్టి బ్యూటేన్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర మొరాయిస్తుంది, ప్రొపేన్ కలిసినది అడగండి. ఆ ఎత్తులో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అందుకని కుక్కర్ లేకుండా కందిపప్పు మీద ఆశ వదులుకోండి. అరగంట నానబెట్టిన పెసరపప్పు ఉడుకుతుంది. తాగే నీళ్లు తేటగా ఉన్నా సరే, తెర్లిన తర్వాత ఒక నిమిషం, మీరున్న ఎత్తు 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు మరగనివ్వండి.

దొడ్డికి ఏటికి 60 మీటర్ల దూరం, అంటే 80 అంగలు వేసి వెళ్లండి. జానెడు గుంట తవ్వి, సీసాతో నీళ్లు తీసుకెళ్లి అక్కడే కడుక్కుని, మట్టి కప్పండి. సబ్బు నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు కూడా అంత దూరంలోనే.

గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ లోపలికి వెళ్లాలనుకుంటే పర్మిట్ ముందే తీసుకోండి. లోయ లోపల ఫోన్‌ను నమ్ముకోలేం. ఎక్కడ ఉంటారో, ఏ రోజు ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి, ఊళ్లో మీరు దిగిన ఇంటివాళ్లకు ఒకటి, మీ అమ్మకు ఒకటి ఇవ్వండి.

ఇట్లు,
మీ పెదనాన్న