మతిమరుపు స్కాన్‌లో సినాప్స్‌లు కనిపిస్తాయా? అపోహలు - వాస్తవాలు

"నాన్నకి మెదడులో కనెక్షన్లు ఎన్ని పోయాయండీ?" హైదరాబాద్‌లో స్కానింగ్‌కు వచ్చే కుటుంబాలు తరచూ అడిగే మాట ఇది. అడగాల్సిన మాటే. అల్జీమర్స్‌లో మతిమరుపు తీవ్రతతో దగ్గరగా నడిచేది మెదడులో పేరుకునే ప్రోటీన్ ముద్దల (ప్లేక్‌ల) లెక్క కాదు, నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లైన సినాప్స్‌ల నష్టమని, చనిపోయినవారి మెదళ్లను పరిశీలించి 1991లోనే చెప్పారు. బతికున్న మనిషిలో దాన్ని కొలవడం దగ్గరే చిక్కంతా.

అపోహ: ఎమ్మారైలో సినాప్స్‌లు కనిపిస్తాయి.
వాస్తవం: కనిపించవు. సినాప్స్ సందు దాదాపు 20 నానోమీటర్లు. ఎమ్మారై బొమ్మలో ఒక చుక్క సుమారు మిల్లీమీటరు, అంటే 50 వేల రెట్లు పెద్దది. అది చూపేది మెదడు కుంచించుకుపోవడాన్ని.

అపోహ: పెట్ స్కాన్ ఏదైనా సినాప్స్‌లనే లెక్కపెడుతుంది.
వాస్తవం: మతిమరుపుకు మామూలుగా తీసే ఎఫ్‌డీజీ (రేడియోధార్మిక గ్లూకోజ్) పెట్ మెదడు గ్లూకోజ్ వాడకాన్ని కొలుస్తుంది. సినాప్స్‌ల సంగతి అందులో పరోక్షంగానే తెలుస్తుంది. గ్లూకోజ్‌ను కొలిచేది కాబట్టే స్కాన్‌కు కనీసం 4 గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ వద్దంటాం. చక్కెర టీ కూడా కుదరదు. షుగర్ 200 దాటితే ఆ రోజు వాయిదా వేయడమే మేలు. ఇంజెక్షన్ తర్వాత అరగంట మసక వెలుతురులో మౌనంగా కూర్చోవాలి. ఫోన్ చూస్తే చూపుకు సంబంధించిన భాగం గ్లూకోజ్‌ను ఎక్కువ లాగేసుకుంటుంది.

సినాప్స్‌ల కోసమే తయారైన ట్రేసర్ (పెట్‌లో కనిపించేలా ఎక్కించే రేడియోధార్మిక పదార్థం) యూసీబీ-జే. సినాప్స్‌లోని చిన్న సంచుల మీదుండే ఎస్వీ2ఏ అనే ప్రోటీన్‌కు అది అతుక్కుంటుంది. మనుషుల్లో దాని ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఇది పరిశోధనల్లో వాడేదే, రోజువారీ పరీక్ష కాదు. అందులోని కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకు సగమైపోతుంది. కూకట్‌పల్లిలో తయారుచేసి కోఠీకి పంపితే, దారిలో గంట పట్టిందనుకోండి, చేరేది ఎనిమిదో వంతే. అందుకే కార్బన్-11ను తయారుచేసే యంత్రం, సైక్లోట్రాన్, పక్కనే ఉండాలి. ఫ్లోరిన్-18తో చేసినవి సగమవడానికి 110 నిమిషాలు పడుతుంది.

అపోహ: సిగ్నల్ తగ్గిందంటే సినాప్స్‌లు పోయినట్టే.
వాస్తవం: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఫిట్స్‌కు వాడే లెవెటిరాసెటామ్ మాత్ర కూడా ఎస్వీ2ఏ మీదే కూర్చుంటుంది. ట్రేసర్‌కు చోటు మిగలక, సినాప్స్‌లు ఉన్నా మెదడంతా వెలవెలబోతుంది. కాబట్టి మాత్రల చీటీ మొత్తం చూపించండి. మాత్రను మాత్రం సొంతంగా ఆపకండి, ఫిట్స్ వస్తాయి.

రెండో కారణం మెదడు కుంచించుకుపోవడం. కార్టెక్స్ (మెదడు పైపొర) మందం 2-4 మిల్లీమీటర్లు, పెట్ విడదీసి చూపగలిగేది సుమారు 4-5 మిల్లీమీటర్లనే. పలచబడిన పొరలోని సిగ్నల్ మెదడు చుట్టూ ఉండే నీటిలోకి చెదిరి, ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అందుకే అదే మనిషి ఎమ్మారైని జతచేసి సరిదిద్దాలి. 2018లో యేల్ బృందం 10 మంది అల్జీమర్స్ రోగుల్ని, 11 మంది ఆరోగ్యవంతుల్ని పోల్చినప్పుడు, రోగుల హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) సిగ్నల్ దాదాపు 40 శాతం తక్కువగా ఉంది. ఈ దిద్దుబాటు చేశాక కూడా తేడా నిలిచింది కాబట్టే ఆ ఫలితానికి అంత విలువ.

అపోహ: సినాప్స్‌లు తగ్గితే అల్జీమర్సే.
వాస్తవం: మెదడులో ఫిట్స్ మొదలయ్యే చోటా తగ్గుతాయి. జబ్బు పేరు ఎస్వీ2ఏ చెప్పదు.

అపోహ: స్కాన్ ఎంత పాడైతే మతిమరుపు అంత.
వాస్తవం: మనిషిని బట్టి మారుతుంది. మన నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. అది స్కాన్ అధ్యయనం కాదు. అయినా స్కాన్‌కు వచ్చేటప్పుడు అమ్మానాన్నలు ఎంతవరకు చదివారో, ఇంట్లో, బజార్లో ఏ భాషలు మాట్లాడేవారో ఒక కాగితం మీద రాసి తెండి. బొమ్మ పక్కన పెట్టుకుని చదువుతాం.